మాటిమాటికి సుస్తయ్యే బిడ్డకు ఒక్క రక్తపరీక్ష

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

ఉపసంఘంలో ఉన్న మేము ఎవరమూ డాక్టరు చదువు చదివినోళ్ళం కాదు. పదో తరగతి మాలో పెద్ద చదువు. కాబట్టి సొంతంగా చెప్పేది తక్కువ. ఈ ఏడాది రెండు కుటుంబాల వెంట దవాఖానలు తిరిగి, డాక్టర్లను అడిగి, అర్థం కాకపోతే మళ్ళీ అడిగి, నోటుబుక్కుల రాసుకున్నది మీ ముందు పెడుతున్నం. ఆ ఇద్దరు తల్లులు మా పేర్లు వద్దు, విషయం మాత్రం అందరికీ చెప్పండి అన్నరు.

విషయం ఏందంటే, కొందరు పిల్లలకు రోగాన్ని ఆపే శక్తి పుట్టుకతోనే తక్కువగా ఉంటది. రక్తంల యాంటీబాడీలు సరిపోను ఉండవు. పైకి చూస్తే ఏమీ తెలువది. జలుబు, దగ్గు, చెవి కారుడు, నెమ్ము, విరేచనాలు. అందరి పిల్లలకు వచ్చేవే. కానీ వీళ్ళకు వచ్చి పోవు, పోయి మళ్ళీ వస్తయి.

ఇది మాకు ముందు దవాఖానల తెలువలే. అప్పుల పుస్తకంల తెలిసింది. కోదాడ పక్క ఒక సంఘంల పుస్తకాలు చూస్తున్నప్పుడు, అప్పు తీసుకున్న కారణం రాసే గడిల, ఒక చెల్లె పేరు ఎదురుంగ 11 నెలల్ల ఐదుసార్లు 'బాబు దవాఖాన' అని ఉన్నది. ఒకసారి 2,000, ఒకసారి 3,000, ఆఖరుకు 8,000. ఆరోసారి ఆమె అడిగిన రోజు సంఘంల గొడవైంది. పాతది కట్టకుండా కొత్తది ఎట్ల ఇస్తమని ఇద్దరు ముగ్గురు లేచిండ్రు. వాళ్ళన్నది తప్పేమీ కాదు, మన నియమం అదే. అప్పుడు ఒక పెద్దక్క, 'అప్పు సంగతి తర్వాత, ముందు ఈ పిలగాడికి ఇన్నిసార్లు ఎందుకైతుందో ఎవరన్న అడిగిండ్రా?' అన్నది. ఎవరూ అడగలేదు. ప్రతిసారి కొత్త డాక్టరు, కొత్త చీటీ. ఐదుసార్ల లెక్క ఒక్కచోట ఉన్నది మన అప్పుల పుస్తకంలనే.

ఆ పిలగాడు పుట్టినప్పుడు మంచిగనే ఉన్నడు. మూడు కిలోల బరువు. ఆరు నెలలదాక జలుబు కూడా పెద్దగ రాలే. ఏడో నెల నుంచి మొదలైంది. ముందు చెవిల చీము. తర్వాత నెమ్ము చేసి నాలుగు రోజులు పడకల పెట్టిండ్రు. వచ్చిన నెలకే మళ్ళీ చెవి. మెడ మీద గడ్డలు. ఏడాది నిండేసరికి రెండుసార్లు నెమ్ము, పదహారో నెలల మూడోసారి. అత్తగారు నీ పాలు మంచియి కావన్నది. పాలు మాన్పించిండ్రు. తాయెత్తు కట్టిండ్రు, పెద్దగట్టు లింగమంతుల స్వామికి మొక్కిండ్రు, జాన్‌పహాడ్ దర్గాకు కూడా తీసుకపోయిండ్రు. మొక్కులు వద్దని మేము అనం, మా ఇండ్లల్ల కూడా మొక్కుతం. కానీ పాలు మాన్పించుడు మాత్రం ఆ బిడ్డకు ఉన్న ఒక్క ఆసరా తీసేసినట్టైంది. ఎందుకో చెప్తం.

బిడ్డ కడుపుల ఉన్నప్పుడు తల్లి రక్తంల ఉన్న యాంటీబాడీలు మాయ గుండ బిడ్డకు పోతయి. ఎక్కువ పోయేది ఆఖరి మూడు నెలల్ల. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలకు ఇవి తక్కువ ఉండుడు అందుకే. దీన్ని మన భాషల చెప్పాలంటే, సంఘం పెట్టినప్పుడు వచ్చిన మూలధనం అనుకోండి. బిడ్డ సొంత సంపాదన కాదు, తల్లి ఇచ్చింది. అది ఖర్చైతనే ఉంటది. మూడు నాలుగు వారాలకు సగం, మళ్ళ మూడు నాలుగు వారాలకు అందుల సగం. అదే సమయంల బిడ్డ ఒంట్లె సొంత పొదుపు మొదలైతది, కానీ మెల్లగ. మూడు నెలల నుంచి ఆరు నెలల మధ్యల తల్లిది అయిపోవస్తది, సొంతది ఇంకా సరిపోదు. ఏ బిడ్డకైనా అప్పుడు యాంటీబాడీలు అన్నిటికన్న తక్కువ. ఏడాది నిండేసరికి పెద్దవాళ్ళకు ఉండేదాంట్లె సగానికి పైన వస్తది. తల్లిపాలల్ల వేరే రకం యాంటీబాడీలు ఉంటయి, అవి బిడ్డ నోరు, గొంతు, పేగులకు కాపలా కాస్తయి. ముర్రుపాలల్ల అవి చాన ఎక్కువ. కాన్పైన గంటలోపు పట్టాలె అని ఆశా అక్కలు గొంతు చించుకునేది అందుకే.

కొందరు పిల్లలకు ఈ సొంత పొదుపు ఆలస్యంగ మొదలైతది, రెండేండ్లకో, నాలుగేండ్లకో దానంతటదే సరైతది. కొందరికి ఎప్పటికీ మొదలుకాదు. ఈ రెండింటికి తేడా తెలుసుకునుడే అసలు సంగతి. ఒకటి భయపడాల్సింది కాదు, ఇంకోటి ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యాల్సింది కాదు.

కోదాడ పిలగాడిని సర్కారు దవాఖానల పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయినం. సంఘం నుంచి ఇద్దరం వెంట పోయినం. ఇంట్ల ఉన్న చీటీలన్ని, సంచుల, డబ్బాల, బియ్యం బస్తా మీద ఎక్కడివక్కడ ఏరి, తారీకుల వరుసన దారం గుచ్చి తీసుకపోయినం. ఆమె చీటీలు ఒక్కొక్కటి తిప్పుకుంట చూసింది. తర్వాత టార్చి వేసి పిలగాని నోట్లె చూసింది. మళ్ళీ చూసింది. 'వీనికి టాన్సిల్స్ కనబడ్తలేవు' అన్నది. అందరి పిల్లలకు అవి ఉబ్బుతే భయపడ్తం, వీనికి లేకపోవుడే గుర్తట. తర్వాత తల్లిని అడిగింది, 'నీ తోడబుట్టిన మగపిల్లలు గానీ, మీ అమ్మ అన్నదమ్ములు గానీ చిన్నప్పుడే పోయినోళ్ళు ఉన్నరా?' అని. ఆమెకు తెలువది. ఫోన్ చేసి తల్లిని అడిగింది. అవతల నుంచి చానసేపు మాట రాలే. తర్వాత చెప్పింది, నీకన్న ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టిండ్రు బిడ్డా, ఒకడు ఏడాదిన్నరకు, ఒకడు రెండేండ్లకు, ఇద్దరూ నెమ్ము చేసే పోయిండ్రని. ముప్పై ఏండ్లు ఆ ముచ్చట ఇంట్ల ఎవరూ ఎత్తలే.

అప్పుడు రాసింది ఆ పరీక్ష. ఇమ్యూనోగ్లోబులిన్ పరీక్ష అంటరు, జి, ఎ, ఎమ్ అని మూడు రకాలు కొలుస్తరు. కొద్దిగ రక్తం తీస్తే చాలు. ఇది రాసిపెట్టుకోండి, మనం ఇంత సేపు మాట్లాడేది ఈ పరీక్ష పేరు మీకు గుర్తుండాలనే. ఆ పిలగానికి మూడూ దాదాపు లేనట్టే ఉన్నయి.

ఆ జబ్బును మొదట కనుక్కున్నది 1952లో. అమెరికా సైన్యం దవాఖానల పనిచేసే ఆగ్డెన్ బ్రూటన్ అనే పిల్లల డాక్టరు, ఎనిమిదేండ్ల పిలగాడు మాటిమాటికి రోగంతోని వస్తున్నడని రక్తం పరీక్ష చేయిస్తే, ఉండాల్సిన పదార్థమే అందుల లేదు. వేరేవాళ్ళ రక్తం నుంచి తీసిన ఆ పదార్థాన్ని నెలనెలా సూదిల ఇస్తే పిలగాడు కోలుకున్నడు. అందుకే దాన్ని బ్రూటన్ జబ్బు అని కూడా అంటరు. మగపిల్లలకే వస్తది. తల్లి నుంచి వస్తది గానీ తల్లికి రాదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలె. ఈ 'తల్లి నుంచి' అన్న మాట ఇంటికి చేరినంక ఏమైందో మీరు ఊహించుకోగలరు. మొన్నటిదాక నీ పాలు మంచియి కావన్నరు, ఇప్పుడు నీ పుట్టింటి రోగం అన్నరు. ఆ చెల్లె వారం రోజులు అన్నం సరిగ తినలే. మేము నలుగురం వాళ్ళింటికి పోయినం. అత్తగారు కూడా మన సభ్యురాలే, ఇంకో సంఘంల. మా పెద్దక్క ఆమె పక్కన మంచం మీద కూర్చొని, 'వదినా, మీ ఆయనకు బట్టతల, నీ కొడుక్కు బట్టతల. అది నీ తప్పా, మీ ఆయన తప్పా?' అని అడిగింది. ఆమెకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. 'బట్టతలకు పానం పోదు కదక్కా' అన్నది. 'పానం పోతదని తెలిసే ఎవరన్న ఇస్తరా మరి?' అన్నది పెద్దక్క. తర్వాత డాక్టరమ్మ గీసిచ్చిన కాగితం చూపెట్టినం. తల్లి దగ్గర ఆ లోపం ఒక పోగు మీద ఉంటది, ఇంకో పోగు మంచిది కాబట్టి ఆమె ఆరోగ్యంగ ఉంటది. మగబిడ్డ పుడితే ఆ లోపం వచ్చే అవకాశం సగం, రాకుండ ఉండే అవకాశం సగం. ఆడబిడ్డకు రోగం రాదు, కానీ తల్లిలెక్కనే మోసుకొచ్చే అవకాశం సగం. ఇందుల ఎవరు చేసింది ఏమీ లేదు. ఇప్పుడు ఆ అత్తగారే మనవణ్ణి ఎత్తుకొని నెలనెలా హైదరాబాదు పోతున్నది, కోడలు కూలికి పోతున్నది. బస్సుల సీటు కోసం కొట్లాడే పని కూడా ఆమెదే, అందుల ఆమెను మించినోళ్ళు లేరు.

రెండో కుటుంబం మిర్యాలగూడ పక్కది. ఆడపిల్ల, ఎనిమిది నెలలు. రెండుసార్లు జలుబు దగ్గు, ఒకసారి విరేచనాలు. తండ్రి రైస్‌మిల్లుల హమాలీ. భయానికి ఒక ప్రైవేటు ల్యాబుల అన్ని పరీక్షలు చేయించిండ్రు. రిపోర్టు మీద మూడు చోట్ల 'తక్కువ' అని గుర్తు పెట్టి ఉన్నది. ఇంట్ల ఏడుపులు. అర్ధెకరం అమ్ముదామన్నదాక వచ్చింది ముచ్చట. మేము చెప్పింది ఒక్కటే, అమ్మేముందు పిల్లల డాక్టరుకు రిపోర్టు చూపెట్టుండ్రి అని. ఆయన చూసి చెప్పింది వింటే మనకందరికీ పనికొస్తది. రిపోర్టుల పక్కన అచ్చేసిన 'ఉండాల్సినంత' అనే అంకె పెద్దవాళ్ళది. దాంతోని పోల్చుతే ఎనిమిది నెలల బిడ్డలు అందరూ తక్కువే. వయసును బట్టి అంకె వేరే ఉంటది, దాంతోని చూస్తే ఈ పిల్లకు కొద్దిగనే తక్కువ. టీకాలు వేసినదానికి ఒంట్లె యాంటీబాడీలు తయారైనయా లేదా అని ఇంకో పరీక్ష చేసిండ్రు, మంచిగనే తయారైనయి. అంటే మిషన్ పనిచేస్తున్నది, సరుకు ఇంకా కొంచెం తక్కువ ఉన్నది, అంతే. మందులు లేవు, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకొమ్మన్నడు. రెండున్నరేండ్లకు పూర్తిగ సరైంది. అర్ధెకరం అట్లనే ఉన్నది, ఈసారి వరి మంచిగ పండింది.

మరి ఏ బిడ్డను చూసి అనుమానపడాలె? చిన్నపిల్లలకు ఏడాదికి ఆరేడు ఎనిమిదిసార్లు జలుబు రావుడు మామూలే అంటరు డాక్టర్లు. అంగన్‌వాడీకి కొత్తగ పోయే పిల్లలకు ఇంకా ఎక్కువ. కాబట్టి ముక్కు కారంగనే పరీక్షలకు ఉరకొద్దు. ఏడాదిల రెండుసార్లు నెమ్ము చేస్తే, నాలుగుసార్లు చెవిల చీము వస్తే, రెండు నెలలు యాంటీబయాటిక్ వాడినా గుణం రాకపోతే, సూదిమందు రక్తనాళంల ఎక్కిస్తే తప్ప జొరం తగ్గకపోతే, లోపల లోపల పెద్ద గడ్డలు లేస్తుంటే, ఏడాది దాటినా నోట్లె తెల్లపూత పోకపోతే, బరువు పెరగకపోతే అడగాలె. వీటిల రెండు కలిస్తే ఇక ఆగొద్దు. ఇంకోటి ఏందంటే, ఆ ఇంట్ల ఇంతకుముందు పసిపిల్లలు రోగంతోని పోయి ఉంటే ఒక్క గుర్తు చాలు. ఈ ఆఖరి మాట డాక్టరుకు మనం చెప్తేనే తెలుస్తది. దాచిపెట్టే దుఃఖమని మాకు తెలుసు. కానీ దాన్ని దాస్తే తర్వాతి బిడ్డకు ప్రమాదం.

అన్నిటికన్న ప్రమాదమైన రకం ఇంకోటి ఉన్నది. యాంటీబాడీలే కాదు, వాటిని తయారుచేయించే తెల్లకణాలు కూడా ఉండవు. ఇది ఆరు నెలలదాక ఆగదు, మొదటి నెలల్లనే బయటపడ్తది. విరేచనాలు ఆగవు, నోట్లె పూత పోదు, బిడ్డ ఎండిపోతది. దీనికి ముందు చూడాల్సింది పెద్ద పరీక్ష కూడా కాదు, మామూలు రక్తకణాల లెక్కనే. అందుల లింఫోసైట్లు అని ఒక వరుస ఉంటది. చంటిబిడ్డకు అవి 3,000 కన్న తక్కువ ఉంటే డాక్టరును తప్పకుండ అడగాలె. పెద్దవాళ్ళకు ఆ అంకె మామూలే కాబట్టి ల్యాబువాళ్ళు గుర్తు పెట్టకపోవచ్చు. అమెరికాల డేవిడ్ వెట్టర్ అనే పిలగాడు ఈ రోగంతోని 1971లో పుట్టి, క్రిములు సోకకుండ ప్లాస్టిక్ గుడారంలనే పెరిగి, 12 ఏండ్లకు, 1984లో పోయిండు. గుడారంల ఉన్నన్ని రోజులు తల్లి వాన్ని చేతి తొడుగుల్లోంచి తప్ప ముట్టుకోలే. ఇప్పుడు అట్ల ఉంచాల్సిన పనిలేదు. ఎముక మూలుగ మార్పిడి చేస్తరు, రోగం సోకకముందు మొదటి నెలల్లనే చేస్తే బతికే అవకాశం చాన మంచిగ ఉంటది. తోడబుట్టినోళ్ళ మూలుగ సరిపోతే ఇంకా మంచిది.

ఈ పెద్ద రకాలల్ల కొన్ని తల్లిదండ్రులు ఇద్దరి దగ్గర నుంచి చెరో లోపం కలిస్తే వస్తయి. మేనమామనో, బావనో చేసుకున్నచోట ఇద్దరి దగ్గర ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అట్ల ఇద్దరి దగ్గర ఉంటే ప్రతి కాన్పుల నాలుగింట ఒక పాలు బిడ్డకు రోగం వచ్చే అవకాశం. ఇక్కడ కూర్చున్నవాళ్ళల్ల మేనరికం చేసుకున్నోళ్ళు సగం మంది ఉంటరు, మాలో కూడా ఉన్నరు, చాన మంది పిల్లలు బంగారంలెక్క ఉన్నరు. తప్పుపట్టుడు మా పని కాదు. ఒక బిడ్డను ఇట్ల పోగొట్టుకున్న ఇంట్ల మళ్ళీ కడుపు వస్తే, లేక రాకముందే, జన్యుపరీక్ష గురించి అడగండి అంటున్నం. హైదరాబాదుల సి.డి.ఎఫ్.డి. అని కేంద్రం పెట్టిన సంస్థ ఉన్నది, జన్యువుల పరీక్షలు చేసేది.

టీకాల గురించి ఒకటి సరిగ వినాలె, ఎందుకంటే సగం వింటే నష్టం. బి.సి.జి., పోలియో చుక్కలు, రోటా చుక్కలు బతికున్న బలహీనమైన క్రిములతోని చేసినయి. మామూలు బిడ్డకు వీటితోని ఏ భయమూ లేదు, తప్పక వేయించాలె. బి.సి.జి. వేసినచోట కొన్ని వారాలకు చిన్న పుండు లేచి మాని మచ్చ పడ్తది, అది మామూలే. కానీ ఇంతకుముందు ఇంట్ల పసిబిడ్డ రోగంతోని పోయి ఉంటే, ఆ సంగతి టీకాకు ముందే ఏ.ఎన్.ఎం. మేడానికి, డాక్టరుకు చెప్పాలె. వెయ్యాలో ఆగాలో వాళ్ళు చెప్తరు, మనం ఇంట్ల కూర్చొని నిర్ణయించొద్దు. అట్లనే తట్టు టీకా తొమ్మిది నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్యల రెండోది. తట్టు వస్తే పోతది కదా అనుకుంటరు. అది పోతూ పోతూ ఒంట్లె అంతకుముందు తయారైన యాంటీబాడీలను కూడా చాన వరకు తుడిచేస్తది. మంచిగున్న బిడ్డ కూడా ఆ తర్వాత చానరోజులు ప్రతి రోగానికి దొరుకుతది.

పుట్టుకతోని వచ్చేవి అరుదు. మన ఇండ్లల్ల ఎక్కువ కనబడేది తిండి తక్కువై శక్తి తగ్గుడు. బాలామృతం ప్యాకెట్ బర్రెకు కలిపే ఇండ్లు ఉన్నయి, ఎవరి ఇండ్లో మేము చెప్పం. తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే బిడ్డకు రావచ్చు, కడుపుతోని ఉన్నప్పుడే పరీక్ష చేసి మందులు ఇస్తే దాదాపు ఆపొచ్చు. ఇంకోటి ఊర్ల ఆర్.ఎం.పి.లు వేసే సూదులు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది వాళ్ళే, వాళ్ళ మీద మాకు కోపం లేదు. కానీ ఆ సూదుల్లల స్టెరాయిడ్ ఉంటే జొరం అప్పటికి దిగినట్టే ఉంటది, మళ్ళీ మళ్ళీ వేస్తే ఉన్న శక్తి కూడా పోతది. ఏం సూది వేసినవు అన్నా, చీటీ మీద రాయి అని అడగండి. అడిగితే కోపమొచ్చేవాడైతే వేరే చూసుకోండి. ఇక శక్తి పెరుగుతదని టీవీల చూపెట్టి అమ్మే డబ్బాలు, టానిక్కులు ఏ ఒక్కటీ లేని యాంటీబాడీలను పుట్టించలేదు. ఆ డబ్బులతోని కోడిగుడ్లు కొనండి.

ఇప్పుడు ఖర్చు. కోదాడ పిలగానికి ఇచ్చేది వేరేవాళ్ళ రక్తం నుంచి తీసిన యాంటీబాడీలే. ఒక విడత మందు తయారు కావాలంటే వెయ్యిమందికి పైగా దాతల ప్లాస్మా కలపాలె. మూడు నాలుగు వారాలకోసారి, కిలో బరువుకు దాదాపు 400 నుంచి 600 మిల్లీగ్రాముల చొప్పున, సెలైన్ లెక్క కొన్ని గంటలు ఎక్కిస్తరు. పది కిలోల పిలగానికి నాలుగు నుంచి ఆరు గ్రాములు. జీవితాంతం. బిడ్డ పెరిగితే మనకు సంతోషమే, కానీ మందు కూడా పెరుగుతది. ఇది సంఘం అప్పుతోని నడిచేది కాదు. అప్పు ఇచ్చి ఆ కుటుంబాన్ని ముంచొద్దు అని మేము గట్టిగనే చెప్పినం.

దారి ఏందంటే, 2021ల కేంద్ర ప్రభుత్వం అరుదైన రోగాల విధానం తెచ్చింది. బ్రూటన్ జబ్బు, మూలుగ మార్పిడి కావాల్సిన ఆ పెద్ద రకం, రెండూ ఆ జాబితాల ఉన్నయి. 2022 నుంచి జాబితాల ఉన్న రోగికి 50 లక్షల దాకా సాయం ఉన్నది. అది మన చేతికి రాదు, ఖాతాల పడదు, చికిత్స చేసే కేంద్రానికి పోతది. దానికి ముందు ఆ కేంద్రంల పేరు నమోదు కావాలె. మనకు దగ్గరిది హైదరాబాదు, పంజాగుట్ట నిమ్స్, సి.డి.ఎఫ్.డి.తోని కలిసి. 50 లక్షలు పెద్ద మొత్తమే గానీ జీవితాంతం మందుకు ఎన్నేండ్లొస్తదో లెక్క వేసుకుంటే గుబులైతది. ఇది ప్రభుత్వాన్ని అడగాల్సిన మాట, సమాఖ్య అడగాలె. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలకు పెరిగింది, మీ బిడ్డ చికిత్స అందుల వస్తదా రాదా అని దవాఖానల కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి, ఊర్ల ఎవరో చెప్పింది నమ్మొద్దు.

బస్సు ఆడోళ్ళకు ఉచితమైనంక పోవుడు రావుడు కొంత తేలికైంది. కానీ కోదాడ నుంచి హైదరాబాదు పోయి, మందెక్కి, తిరిగొచ్చేసరికి రాత్రైతది. ఒక రోజు కూలి పాయె. తోడు పోయినోళ్ళ కూలి కూడా పాయె. తిండి, ఆటో, పిలగానికి పాలు. నెలకు ఇంత అని ఎవరూ లెక్క కట్టరు, కానీ చికిత్స మధ్యల ఆగేది ఈ చిన్న ఖర్చుల దగ్గరనే. మందు ఉచితంగ వస్తున్నా రెండు నెలలు పోని కుటుంబాన్ని ఆ వార్డుల మేమే చూసినం.

ఆ పిలగానికి ఇప్పుడు మూడేండ్లు నిండవస్తున్నయి. మందు మొదలైనంక ఒక్కసారే జొరమొచ్చింది. చెవి ఒకటి కొంచెం తక్కువ వినబడ్తది, అది ముందు జరిగిన నష్టం, తిరిగి రాదు. నెల దగ్గరపడేసరికి వాడే 'నాయినమ్మా, బస్సు' అంటడట.

అందుకని ఉపసంఘం ఈ తీర్మానం సభ ముందు పెడుతున్నది. ప్రతి సంఘంల ఐదేండ్లలోపు పిల్లలున్న సభ్యురాలికి ఒక గుడ్డ సంచి, బిడ్డ టీకా కార్డు, దవాఖాన చీటీలు, రిపోర్టులు అన్నీ అందుల. కుట్టేది సూర్యాపేట కుట్టు సంఘం, సంచికి 35 రూపాయలు, ఖర్చు సమాఖ్యది. ఒకే బిడ్డ కోసం ఆరు నెలల్ల మూడోసారి అప్పు అడిగిన సభ్యురాలికి, అప్పుతోపాటు ఉపసంఘం నుంచి ఒకరిని తోడు పంపి పిల్లల డాక్టరుకు చూపించాలె. నిమ్స్‌కో, నిలోఫర్‌కో నెలనెలా పోయే కుటుంబానికి దారి ఖర్చు, తోడు పోయినోళ్ళకు ఒక రోజు కూలి, ఆరోగ్య నిధి నుంచి వడ్డీ లేకుండ కాదు, అసలు తిరిగి కట్టే పనే లేకుండ ఇవ్వాలె. ఈ మూడోదానికి కార్యవర్గంల కొందరికి అభ్యంతరం ఉన్నదని మాకు తెలుసు. వాళ్ళను ముందు మాట్లాడనియ్యండి. ఆ తర్వాత చేతులెత్తమని అధ్యక్షురాలమ్మను కోరుతున్నం.